ఎవరిది ఎన్నో తరం? తేల్చేది పాత రిజిస్టరే

న్యూఢిల్లీ: తండ్రి, తాత, ముత్తాత... ఆ పైన ఎవరు? ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగల కుటుంబాలు అరుదు. పితృకర్మలలో సైతం మూడు తరాల పేర్లు చెప్పడంతోనే సరిపెట్టడం మన ఆనవాయితీ. అయితే సముద్రాలకు ఆవల స్థిరపడిన భారత సంతతి ప్రజలు అనేకమందికి ఇప్పుడు ఆ మూడు మెట్లు చాలడం లేదు. ఆరో తరం, ఏడో తరం పూర్వీకుని పేరు, ఊరు, ఆయన ఎక్కిన ఓడ వివరాలు వారు వెతుక్కోవలసి వస్తోంది. ఆ వివరాలు దొరికితే భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు చేతికి అందుతుంది. దొరకకపోతే ఇంట్లో ఉగాది, దీపావళి పండుగలు ఎన్ని తరాలుగా జరుపుకొంటున్నా, భారత్‌కు రావాలంటే సాధారణ విదేశీయునివలె వీసా కోసం నిలబడవలసిందే.

మారిషస్ జాతీయ దినోత్సవానికి ముఖ్య అతిథిగా వెళ్లిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 2024 మార్చిలో అక్కడ ఒక ప్రకటన చేశారు. ఆ దేశంలోని భారత సంతతికి చెందిన ఏడో తరం వారు కూడా విదేశీ భారత పౌరసత్వ కార్డుకు అర్హులయ్యేలా ప్రత్యేక నిబంధనను ఆమోదించినట్లు ఆమె వెల్లడించారు. అంతకు ముందు సంవత్సరం, 2023 జూన్‌లో దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో పర్యటించినప్పుడు అక్కడివారికి ఈ అర్హతను నాలుగో తరం నుంచి ఆరో తరానికి పెంచుతున్నట్లు ఆమె ప్రకటించి ఉన్నారు. 2025 జూలైలో ట్రినిడాడ్ అండ్ టొబాగోను సందర్శించిన ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆ దేశంలోని ఆరో తరానికీ ఇదే హామీ ఇచ్చారు.

ఒక్కో దేశానికి ఒక్కో అంకె. ఈ అంకెల వెనుక ఓడల చరిత్ర కనిపిస్తుంది. ఒప్పంద కూలీలతో తొలి ఓడ ‘అట్లాస్’ మారిషస్ చేరింది 1834 నవంబరు 2న. ట్రినిడాడ్‌కు ‘ఫతేల్ రజాక్’ 1845 మే 30న, సురినామ్‌కు ‘లల్లా రూఖ్’ 1873 జూన్ 5న చేరాయి. తరానికి పాతిక నుంచి ముప్పై ఏళ్ల చొప్పున లెక్క వేస్తే మారిషస్‌లో ఏడు తరాలు, సురినామ్‌లో ఐదారు తరాలు గడిచినట్లు తేలుతుంది. కాని ఇది సగటు లెక్క మాత్రమే. కుటుంబాలు సగటు ప్రకారం నడవవు. చిక్కంతా అక్కడే వస్తోంది.

కార్డు ఇచ్చేదేమిటి?

ఓసీఐగా వ్యవహరించే ఈ కార్డు పేరులో పౌరసత్వం అనే మాట ఉన్నప్పటికీ ఇది పౌరసత్వం కాదు. రెండు దేశాల పౌరసత్వాన్ని ఏకకాలంలో కలిగి ఉండటాన్ని మన రాజ్యాంగం అంగీకరించదు. కార్డు ఉన్నవారు జీవితాంతం వీసా లేకుండా ఎన్నిసార్లయినా భారత్‌కు వచ్చి పోవచ్చు. ఎంతకాలం ఉన్నా పోలీసు రిజిస్ట్రేషన్ అక్కర లేదు. ఆర్థిక, విద్యా విషయాలలో అనేక అంశాలలో ప్రవాస భారతీయులతో సమానంగా పరిగణిస్తారు. ఓటు హక్కు, చట్టసభలకు పోటీ చేసే హక్కు ఉండవు. వ్యవసాయ భూములు, తోటలు కొనరాదు. 2022 నాటికి 40 లక్షలకు పైగా కార్డులు జారీ అయ్యాయి.

1999లో ప్రవేశపెట్టిన పీఐఓ కార్డు పథకంలోనే తరాల పరిమితి మొదలైంది. భారత్‌లో పుట్టిన పూర్వీకుని మునిమనుమల వరకు, అంటే నాలుగో తరం వరకు, దానికి అర్హులు. తొలుత దాని రుసుము వెయ్యి డాలర్లు కావడంతో స్పందన కొరవడింది. 2002లో రుసుమును 15 వేల రూపాయలకు తగ్గించారు. ఆ తరువాత 2003, 2005 సంవత్సరాలలో పౌరసత్వ చట్టాన్ని సవరించి ఓసీఐ పథకాన్ని తెచ్చారు. 2015 జనవరిలో రెండు పథకాలనూ కలిపివేశారు.

పాకిస్థాన్, బంగ్లాదేశ్ విషయంలో మాత్రం తరాల నిచ్చెన తలకిందులుగా పనిచేస్తుంది. తాను గాని, తల్లిదండ్రులు, తాత అవ్వలు, ముత్తాత ముత్తవ్వలలో ఎవరైనా గాని ఆ రెండు దేశాల పౌరులుగా ఉండి ఉంటే ఓసీఐకి అనర్హులు. అవిభక్త భారతంలో అమృత్‌సర్‌లో పుట్టి లాహోరుకు తరలిపోయిన ముత్తాత వల్ల, నేడు లండన్‌లో ఉన్న మునిమనుమనికి దారి మూసుకుపోతుందన్న మాట.

లెక్క ఎక్కడ మొదలు?

ఎన్నో తరం అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఒకటో తరం ఎవరో ముందు తేలాలి. ఓడ ఎక్కిన వ్యక్తి మొదటి తరమా, లేక పరాయి గడ్డమీద పుట్టిన ఆయన బిడ్డ మొదటి తరమా? మామూలు సంభాషణలో రెండు విధాలుగానూ వాడుక ఉంది. వలస వచ్చిన వ్యక్తినే మొదటి తరంగా తీసుకుంటే మునిమనుమడు నాలుగో తరం. ఆయన బిడ్డనుంచి లెక్కిస్తే అదే మునిమనుమడు మూడో తరం.

ఈ సందిగ్ధం ఏర్పడకుండా స్పష్టంగా చెప్పిన చట్టాలూ మనకు ఉన్నాయి. సపిండ సంబంధాలలో వివాహాన్ని నిషేధించిన 1955 నాటి హిందూ వివాహ చట్టం తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు లెక్కించమన్నది. ఆ లెక్కలో సంబంధిత వ్యక్తినే మొదటి తరంగా తీసుకుని పైకి వెళ్లాలని నిర్వచనంలోనే చేర్చింది. కింది నుంచి పైకి పోయే లెక్క అది.

పౌరసత్వ చట్టం లెక్క పైనుంచి కిందికి దిగుతుంది. ఓసీఐ నిబంధనలో తరం అనే మాటకు బదులు బిడ్డ, మనుమడు లేక మనుమరాలు, మునిమనుమడు లేక మునిమనుమరాలు అన్న మాటలు ఉన్నాయి. అయితే ఎవరి మునిమనుమడు? 1950 జనవరి 26న గాని, ఆ తరువాత గాని భారత పౌరుడైన వ్యక్తికి, లేదా ఆ రోజున భారత పౌరుడు కావడానికి అర్హత ఉన్న వ్యక్తికి మునిమనుమడు. రెండో షరతు రాజ్యాంగంలోని 8వ అధికరణానికి దారి తీస్తుంది. విదేశంలో నివసిస్తున్న వ్యక్తి తాను గాని, తల్లిదండ్రులలో ఒకరు గాని, తాత అవ్వలలో ఒకరు గాని అవిభక్త భారత్‌లో పుట్టి ఉంటే పౌరుడుగా నమోదు కావచ్చునని ఆ అధికరణం పేర్కొన్నది.

అంటే 1950లో జీవించి ఉన్న ఒక మనుమని నుంచి లెక్క మొదలుపెట్టి మళ్లీ మూడు మెట్లు దిగితే, ఓడ ఎక్కిన తాత దగ్గరి నుంచి చూసినప్పుడు అది ఆరో తరం అవుతుంది. చట్టం పాఠాన్ని ఈ విధంగా చదవడానికి వీలున్నప్పటికీ వాడుకలో ఇది నాలుగు తరాల పరిమితిగానే స్థిరపడింది. సురినామ్‌లో వెలువడిన ప్రకటన కూడా నాలుగు నుంచి ఆరుకు అనే పేర్కొన్నది. లెక్క మొదలయ్యే చోటు మారితే అర్హుల జాబితా మారిపోతుందనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కర లేదు.

బాబాయి కంటే అబ్బాయి పెద్ద

తరానికీ వయస్సుకూ సంబంధం లేదన్న విషయం ఉమ్మడి కుటుంబాలలో పెరిగినవారికి చెప్పనక్కర లేదు. పెద్దన్న కొడుక్కి మీసాలు వచ్చాక చిట్టచివరి తమ్ముడు పుట్టిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. బాబాయి కంటే అబ్బాయి పెద్దవాడైన చోట, వయస్సులో చిన్నవాడైన బాబాయి తరాల లెక్కలో ఒక మెట్టు పైన ఉంటాడు. ఇటువంటి తేడాలు నూట ఎనభై ఏళ్లపాటు పేరుకుంటే, ఒకే ఓడ దిగిన ఇద్దరు అన్నదమ్ముల వంశాలలో సమవయస్కులైన ఇద్దరు యువకులలో ఒకరు ఆరో తరం, మరొకరు ఎనిమిదో తరం కావచ్చు. చిన్న వయస్సులో పెళ్లిళ్లు జరిగిన వంశంలో తరాలు త్వరగా గడిచిపోతాయి. ఆ వంశంవారే పరిమితి అవతల మిగిలిపోతారు.

తల్లి వైపు, తండ్రి వైపు లెక్కలు కూడా ఒకటి కావు. 1834లో వచ్చిన కుటుంబంలోని యువకుడు 1900 ప్రాంతంలో వచ్చిన కుటుంబంలోని యువతిని పెళ్లాడితే వారి బిడ్డకు రెండు తరాల సంఖ్యలు ఉంటాయి. ఏ వైపు నుంచి చూపితే పరిమితి లోపల ఉంటుందో ఆ వైపు కాగితాలు వెతకవలసి వస్తుంది. మునిమనుమని వరకే అన్న పరిమితి ఉన్న చోట ఆ తండ్రికి కార్డు వస్తుంది. మైనారిటీ తీరని బిడ్డకు తండ్రితో పాటు అవకాశం ఉంటుంది. మైనారిటీ తీరిన బిడ్డకు మాత్రం ఉండదు. ఒకే ఇంటి కప్పు కింద ఇదొక కొత్త విభజన.

రిజిస్టరులో ఇంటిపేరుకు గడి లేదు

తరాల సంఖ్య నోటి మాటతో తేలదు. ప్రతి మెట్టుకూ జనన, వివాహ, మరణ ధ్రువపత్రాలు జత కావాలి. ఆ గొలుసు చివరన ఓడ రిజిస్టరు ఉండాలి. ఈ విషయంలో మారిషస్ ప్రజలు కొంత అదృష్టవంతులనే చెప్పాలి. దాదాపు నాలుగున్నర లక్షల మంది భారతీయులను తరలించిన వలస పాలకులు ప్రతి కూలీకి ఒక సంఖ్య కేటాయించి పెద్ద పెద్ద రిజిస్టర్లలో నమోదు చేశారు. 1860 దశకం నుంచి ఫొటోలు కూడా తీయించారు. కూలీలపై నిఘాకోసం తయారైన ఆ దస్తావేజులు మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. పోర్ట్ లూయిస్‌లో కూలీలు దిగిన రేవు ‘ఆప్రవాసీ ఘాట్’ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. నాడు కూలీని పారిపోనివ్వకుండా పట్టి ఉంచిన సంఖ్యే నేడు ఆయన వారసునికి పూర్వీకుల దేశంలోకి దారి చూపుతోంది.

సురినామ్, ఫిజీ, నేటాల్‌లకు వెళ్లినవారికి కూడా ఇటువంటి పత్రాలే ఉన్నాయి. కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఠాణా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు వాటిలో కనిపిస్తాయి. లేనిది ఇంటిపేరు. తెలుగువారికి ఇది పెద్ద లోటు. ఇంటిపేరు, గోత్రాలతోనే వంశాన్ని గుర్తించే అలవాటు ఉన్నవారికి రిజిస్టరులో ఆ గడే లేకపోయింది. అనేక చోట్ల తొలి కూలీ సొంత పేరే తరువాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడింది. దక్షిణాఫ్రికాలో ‘నాయుడు’ కాస్తా ‘నైడూ’ అయింది. గుమాస్తా చెవికి వినబడినట్లు రాసుకున్న ఊళ్ల పేర్లు మరో చిక్కు. విశాఖపట్నం ‘విజగపటం’గాను, శ్రీకాకుళం ‘చికాకోల్’గాను నాటి ఇంగ్లీషు దస్తావేజులలో ఉంటాయి. ఊరి పేరు సరిగా ఉన్నా జిల్లాల సరిహద్దులు అనేకసార్లు మారిపోయాయి.

అమెరికన్ రచయిత అలెక్స్ హేలీ ‘రూట్స్’ నవల, సహవాసి అనువాదంలో ‘ఏడుతరాలు’గా తెలుగు పాఠకులకు చిరపరిచితమే. ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చిన పూర్వీకుని కోసం హేలీ కుటుంబ కథలతో పాటు ఓడల దస్తావేజులనూ గాలించారు. ఆయన కట్టిన వంశక్రమాన్ని తరువాతి కాలంలో పరిశోధకులు ప్రశ్నించారు. ఏడు తరాల వెనక్కి వెళ్లి ఒక పేరును నిర్ధారించడం ఎంత కష్టమో ఆ వివాదం చాటింది.

బర్మా దారిలో కాగితమే లేదు

మారిషస్‌కు వెళ్లిన తెలుగువారిని అక్కడ ‘కొరింగీలు’ అని పిలిచేవారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి ఓడలెక్కడం వల్ల వచ్చిన పేరు అది. బర్మాలోనూ తెలుగువారికి అదే పేరు స్థిరపడింది. పేరు ఒకటే అయినా కాగితాల విషయంలో రెండు వలసలకూ హస్తిమశకాంతరం ఉంది.

మారిషస్‌కు వెళ్లినవాడు ఒప్పంద కూలీ. ఆయనకు సంఖ్య, పాస్, రిజిస్టరు ఉన్నాయి. బర్మాకు వెళ్లినవాడు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, రేవులోనో బియ్యం మిల్లులోనో పని చూసుకోవడానికి డెక్ టిక్కెట్టుపై వెళ్లాడు. 1937 ఏప్రిల్ వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. ఒక రాష్ట్రంలో నుంచి మరో రాష్ట్రానికి వెళ్లే మనిషికి పాస్‌పోర్టు అవసరం లేదు. 1931 జనాభా లెక్కల నాటికి అక్కడ పది లక్షలకు పైగా భారతీయులు ఉండగా వారిలో తెలుగువారి వాటా గణనీయం. అయితే ఎవరు ఏ సంవత్సరంలో ఏ ఓడ దిగారన్నది వ్యక్తులవారీగా నమోదు కాలేదు. మలయా తోటలకు కంగాణీల వెంట వెళ్లినవారిలోనూ అనేకమందికి ఒప్పంద కూలీలకు ఉన్నంత వివరమైన దస్తావేజులు లేవు.

ఈ కాగితాల లోటు 1982లో తెచ్చిన పౌరసత్వ చట్టంతో బర్మాలో పెనుభారమైంది. 1823కు ముందు నుంచి స్థిరపడిన జాతులవారికే ఆ చట్టం సహజ పౌరసత్వం ఇచ్చింది. మిగిలినవారిని సహ పౌరులు, స్వీకృత పౌరులు అనే రెండు తరగతులుగా విభజించింది. పూర్తి పౌరులకు గులాబీ రంగు, సహ పౌరులకు నీలం, స్వీకృత పౌరులకు ఆకుపచ్చ కార్డులు కేటాయించింది. తాతకు, తండ్రికి దక్కని పూర్తి హోదాను మూడో తరానికి ఇస్తామన్నది. కాని మూడో తరమని నిరూపించుకోవాలంటే తాత కాగితం ఉండాలి. 1942లో జపాన్ దాడికి వెరచి లక్షలాదిగా కాలినడకన తరలిపోయిన జనంలో ఎందరి దగ్గర కాగితాలు మిగిలి ఉంటాయో ఊహించుకోవచ్చు. విశాఖపట్నంలోని కంచరపాలెం వద్ద ‘బర్మా క్యాంపు’ పేరు నేటికీ ఆ వలసను గుర్తు చేస్తోంది.

సింహళంలో ముత్తాత పరీక్ష

తరాల లెక్క ఒక జాతి భవిష్యత్తును ఎలా శాసిస్తుందో శ్రీలంక చరిత్ర మరింత స్పష్టంగా చూపుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1948లో అప్పటి సిలోన్ ప్రభుత్వం పౌరసత్వ చట్టం తెచ్చింది. సిలోన్‌లో పుట్టడం ఒక్కటే చాలదని, తండ్రి కూడా అక్కడే పుట్టి ఉండాలని, లేదా తాత, ముత్తాత ఇద్దరూ అక్కడ పుట్టి ఉండాలని షరతు పెట్టింది. తల్లి వైపు లెక్క పనికిరాదు. తేయాకు తోటల లైన్లలో పుట్టిన పిల్లలకు జనన రిజిస్ట్రేషన్ అంతంత మాత్రమే. ఇక ముత్తాత పుట్టుకకు పత్రం ఎక్కడ దొరుకుతుంది? ఫలితంగా దాదాపు ఏడు లక్షల మంది తోట కార్మికులు, వారి కుటుంబాలు ఏ దేశానికీ చెందనివారుగా మిగిలారు. 1949 నాటి మరో చట్టం కింద దరఖాస్తు చేసుకున్నవారు సుమారు 8 లక్షల 25 వేలు కాగా పౌరసత్వం పొందినవారు లక్షా 34 వేల మంది మాత్రమే.

1964 అక్టోబరు 30న ప్రధానులు లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారునాయకేల మధ్య ఒప్పందం కుదిరింది. 9 లక్షల 75 వేల మందిలో 5 లక్షల 25 వేల మందిని భారత్, 3 లక్షల మందిని సిలోన్ స్వీకరించాలని నిర్ణయించారు. మిగిలిన లక్షన్నర మందిని 1974లో చెరిసగం పంచుకున్నారు. సరుకు పంచుకున్నట్లు మనుషులను పంచుకున్నారన్న విమర్శ నాటి నుంచి ఉంది. చివరకు 2003లో శ్రీలంక పార్లమెంటు చేసిన చట్టం, 1964 అక్టోబరు 30 నుంచి ఆ దేశంలో నివసిస్తున్న భారత సంతతివారికి, వారి వారసులకు పౌరసత్వం ప్రసాదించింది. ముత్తాత కాగితం వెతకడం మాని నివాసాన్ని ఆధారంగా తీసుకోవడంతో ఐదు దశాబ్దాలకు పైగా నలిగిన సమస్య పరిష్కారానికి నోచుకొన్నది.

అస్సాంలో వంశవృక్షాలు

స్వదేశంలోనూ ఇటువంటి పరీక్ష జరిగింది. సుప్రీంకోర్టు పర్యవేక్షణలో అస్సాంలో జాతీయ పౌర పట్టికను నవీకరించినప్పుడు 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందు నాటి పత్రాలలో తన పేరుగాని, పూర్వీకుని పేరుగాని ప్రతి దరఖాస్తుదారూ చూపవలసి వచ్చింది. 1951 నాటి పౌర పట్టిక, పాత ఓటర్ల జాబితాలు ఇందుకు ప్రధాన ఆధారాలు. ఆ పూర్వీకునికీ తనకూ మధ్య ఉన్న ప్రతి తరానికీ అనుసంధాన పత్రం కావాలి. ఒకే పూర్వీకుని పేరు చెప్పిన కుటుంబ సభ్యుల వంశవృక్షాలను అధికారులు ఒకదానితో ఒకటి సరిపోల్చారు. ఒక అన్న రాసిన తమ్ముని పేరు మరో అన్న రాయకపోతే విచారణకు హాజరు కావలసిందే. పెళ్లయి అత్తవారి ఊరికి వెళ్లిపోయిన స్త్రీలు తండ్రితో తమ సంబంధాన్ని నిరూపించుకోవడానికి ఎక్కువగా ఇబ్బంది పడ్డారు. 2019 ఆగస్టు 31న వెలువడిన తుది జాబితాలో 3 కోట్ల 11 లక్షల మందికి పైగా చోటు దక్కగా, 19 లక్షల 6 వేల 657 మంది పేర్లు గల్లంతయ్యాయి.

మిగతా దేశంలో పుట్టిన తేదీ కూడా తరాలను విడదీస్తోంది. సాధారణంగా 1987 జూన్ 30 వరకు భారత్‌లో పుట్టిన బిడ్డకు ఆ పుట్టుకే చాలు. మరునాటి నుంచి పుట్టినవారికి తల్లిదండ్రులలో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవారికి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. మొదటి బిడ్డను అడగని కాగితాన్ని మూడో బిడ్డను అడిగే పరిస్థితి ఈ విధంగా ఏర్పడింది.

మిగిలిన ప్రశ్న

తరాల పరిమితిని నాలుగు నుంచి ఆరుకు, ఏడుకు పెంచడం ప్రవాసులకు ఊరట కలిగించిన నిర్ణయమే. అయితే ఏ పరిమితి అయినా పాతికేళ్లు తిరిగేసరికి చిన్నబోతుంది. నేటి ఏడో తరానికి పుట్టే బిడ్డ ఎనిమిదో తరం. 2050 నాటికి మళ్లీ ఇదే వినతిపత్రంతో మారిషస్‌వారు ఢిల్లీ తలుపు తట్టవలసి రావచ్చు.

పరిమితి పెరిగిన కొద్దీ రుజువుల భారం కూడా పెరుగుతుంది. నాలుగు మెట్లకు నాలుగు కుటుంబాల పత్రాలు చాలినచోట ఏడు మెట్లకు ఏడు కావాలి. మధ్యలో ఒక పెళ్లి రిజిస్టరు కాకపోయినా, ఒక పేరులో ఒక అక్షరం మారినా గొలుసు తెగిపోతుంది. రిజిస్టర్లు భద్రంగా ఉన్న దేశాలవారికి ఈ సదుపాయం అందినంత సులభంగా మేస్త్రీల వెంట, కంగాణీల వెంట వెళ్లినవారి వారసులకు అందదు. శ్రీలంక 2003లో చేసినట్లు నివాసం, సమాజంలో గుర్తింపు వంటి ఇతర ఆధారాలకు కూడా చోటిస్తేనే ఆ అంతరం తగ్గుతుంది.

మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలకు ఆ దేశం ఆతిథ్యం ఇచ్చింది. అక్కడి తెలుగు కుటుంబాలలో తాము ఎన్నో తరమో చెప్పలేనివారు ఉండవచ్చు. పచ్చడిలో వేపపువ్వు ఎందుకు వేస్తారో చెప్పగలవారు మాత్రం ఉన్నారు. ఆ జ్ఞాపకానికి దరఖాస్తు ఫారంలో గడి లేదు.